షటిల్ ఎగిరిన ఉదయం నేను వినని హెచ్చరిక

అమెరికా వాళ్ళ స్పేస్ షటిల్ పైకి లేవడం నేను కళ్ళారా చూశాను, సముద్రం మీద ఓడ రెయిలింగు పట్టుకొని నిలబడి. ఈ మాట మా పేట సంచౌంగ్ బజారులో ఎవరితో అన్నా ముందు నవ్వుతారు, ఆ తరువాత ఎలా చూశావని అడుగుతారు. తప్పు చేసి చూశాను. పాతికేళ్ళకు పైగా ఓడల మీద రేడియో ఆఫీసరుగా పనిచేశాను. అంత పెద్ద తప్పు అంతకు ముందు చేయలేదు, ఆ తరువాతా చేయలేదు.

ఈ ఏడు యాంగోన్‌లో, మేం రంగూన్ అనే ఊళ్ళో, మన తెలుగు పిల్లలు నలుగురు ఓడ పనికి శిక్షణలో చేరారు. ఒక ఆదివారం మా ఇంటికి వచ్చారు. వాళ్ళలో పెద్దది, రేవతి, టీ గ్లాసు చేత్తో పట్టుకొని సూటిగా అడిగేసింది.

"తాతా, మా సార్లు రూల్సు సెప్తన్నారు గాని, పనేటో సెప్పట్లేదు. ఓడ మీద అసలు పనేటి?"

మంచి ప్రశ్న. అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, సర్టిఫికెట్ల సంగతి రాయను. ఆ కాగితాలు ట్రంకు పెట్టెలో చెదపురుగులకు పనికొస్తున్నాయి. నేను చేసిన ఉద్యోగం ఇప్పుడు లేనే లేదు. ఉపగ్రహాలు వచ్చాక ఓడ మీద మాకు కుర్చీ తీసేశారు. అయినా ఆ కుర్చీలో నేర్చుకున్నది ఏ పనిలో ఉన్నవాళ్ళకైనా అక్కరకు వస్తుందని నా నమ్మకం.

చెవి ఉద్యోగం

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి బర్మా వచ్చి, రంగూన్ సేక్కాన్ రేవులో బియ్యం బస్తాలు మోశాడు. నేను మోయకూడదని ఆయన పట్టుదల. పదో తరగతి అవగానే తీసుకెళ్ళి ఊ సో అనే ముసలాయనకు అప్పగించాడు. ఆయన తంతి ఆఫీసులో చేసి రిటైరై, తన ఇంటి మేడ మీద మోర్స్ నేర్పేవాడు. బర్మీస్ ఆయన, మనిషి మంచివాడు, నోరు మాత్రం మిరపకాయ.

ఆయన పద్ధతి విచిత్రంగా ఉండేది. మేం చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకొని చుక్కలూ గీతలూ రాసుకుంటుంటే, ఆయన భార్య పక్కనే కూర్చొని రోట్లో రొయ్యపొట్టు దంచేది. ఆయనే దంచమనేవాడు. ఆ చప్పుడులో వినగలిగినవాడే తుఫానులో వినగలడని ఆయన లెక్క. ఒకసారి సగం మాట వినబడక, మిగతా సగం నేనే ఊహించి రాశాను. సరిగ్గానే ఊహించాను కూడా. ఆయన కాగితం చింపేసి, "పంపడం కోతికైనా నేర్పొచ్చు, సోము. విననిచోట వినలేదని రాయడం మనిషికే రావాలి" అన్నాడు. నాకు కోపం వచ్చింది. సరైన జవాబుకు శిక్ష ఏమిటని ఇంటికి వచ్చి నాన్నతో మొర పెట్టుకున్నాను. నాన్నకు నా మొర అర్థం కాలేదు, ఊ సో మాట మాత్రం అర్థమైంది.

రేడియో గది గడియారం మీద గంటకు రెండు చోట్ల ఎర్ర రంగు ముక్కలు ఉండేవి. ఒక్కోటి మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలు ప్రపంచంలోని ఓడలన్నీ ఆపద పిలుపుల తరంగం మీద నోరు మూసుకొని వినాలి. ఎవరైనా మునుగుతుంటే వాళ్ళ సన్నని పిలుపు వినబడాలని ఆ కట్టుబాటు. నా రెండో ఓడ మీద కెప్టెన్ ఒకాయన, ఓనర్లకు అర్జెంటు కబురు పంపమని సరిగ్గా ఆ మూడు నిమిషాల్లో నా మెడ మీద కూర్చున్నాడు. నేను పంపనన్నాను. ఆయన అరుస్తూనే ఉన్నాడు, నేను వింటూనే ఉన్నాను. ఆ రోజు ఏ పిలుపూ రాలేదు. మరో నెలకు బంగాళాఖాతంలో వచ్చింది. చేపల పడవ, తొమ్మిది మంది. అందరినీ పైకి లాగాం. కెప్టెన్ నాకు క్షమాపణ చెప్పలేదు గానీ, ఆ తరువాత ఎర్ర ముక్క దాటేదాకా తలుపు బయటే నిలబడేవాడు. పై అధికారి నుంచి అంతకంటే ఆశించకండి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను పని రానివాణ్ణి కాదని మీకు తెలియాలి. తప్పు చేసేటప్పటికి నాకు పని బాగా వచ్చు.

ఇంటి నుంచి కబురు లేని ఏడు వారాలు

మా ఊళ్ళో నాలుగెనిమిదులు అనే ఏడు అది, 1988. ఆ వేసవిలో ఓడ ఎక్కేటప్పటికి నా భార్య నారాయణికి అయిదో నెల. మా మొదటి బిడ్డ. ఆగస్టులో ప్రభుత్వం దిగిపోవాలని రంగూన్ వీధుల్లోకి జనం వచ్చారు. పిల్లలు, గుమస్తాలు, బౌద్ధ భిక్షువులు, రేవు కూలీలు, అందరూ. కాల్పులు జరిగాయి. నేను అట్లాంటిక్ సముద్రం మీద ఉండి పరాయి దేశాల రేడియో వార్తల్లో మా వీధుల పేర్లు విన్నాను. ఉత్తరాలు ఆగిపోయాయి. మా ఇంట్లో ఫోను ఎలాగూ లేదు, ఉన్నవాళ్ళ ఫోన్లూ మోగలేదు. సెప్టెంబరులో సైన్యం గద్దె ఎక్కిందని వార్త వచ్చింది. మళ్ళీ కాల్పులన్నారు.

ఈమధ్య మన ఊళ్ళో ఇంటర్నెట్ ఆపేసిన రోజుల్లో మీరు ఎలా అల్లాడిపోయారో చూశాను. అదే బాధ. మీకు రోజులు, నాకు ఏడు వారాలు. నారాయణి పురుడు పోసుకుందో లేదో, అసలు ఉందో లేదో తెలియదు. భయమేసింది. భయమేసిందని రాయడానికి నాకు సిగ్గు లేదు.

మా ఓడలో ఇంకో తెలుగు మనిషి వంటవాడు సన్యాసి మామ. గంజాం వైపు నుంచి వచ్చిన కుటుంబం, మూడు తరాలుగా రంగూన్‌లోనే. రోజూ పళ్ళెం తీసుకొని రేడియో గదికి వచ్చి, "ఏటిరా, ఏటైనా తెలిసినాదా?" అనేవాడు. నేను తల అడ్డంగా ఊపితే, "తెల్దులే. ముందు తిను. నువ్వు తినకపోతే ఆ పిల్లకి నొప్పులు తగ్గుతాయేటి?" అని పళ్ళెం పెట్టి పోయేవాడు.

నాలాంటి బర్మా రేడియో ఆఫీసర్లు లోకం నిండా చాలా ఓడల మీద ఉండేవాళ్ళు. పని అయ్యాక మాలో మేం మోర్స్‌లో రెండు ముక్కలు మాట్లాడుకునేవాళ్ళం. నిబంధనల ప్రకారం తప్పే. ఆ నెలల్లో ఊరి కబుర్లు మాకు అలాగే తెలిసేవి. సింగపూరు రేవు హద్దు బయట లంగరు వేసిన ఒక ఓడ మీద కో ట్విన్ అనే మిత్రుడు ఉండేవాడు, ఊ సో మేడ మీద నా పక్క బల్ల వాడు. రంగూన్ నుంచి వచ్చే ఓడలు సింగపూరులో ఆగుతాయి కాబట్టి, ఎవరి కబురైనా ముందు అతని చేతికే వచ్చేది. రోజూ ఉదయం, అక్కడ సాయంత్రమయ్యే వేళకు, నేను అతని కోసం మేం మాట్లాడుకునే తరంగం మీద వెతికేవాణ్ణి. దొరికిన రోజు, "నీకేం లేదు, సోము" అనేవాడు. చాలా రోజులు దొరికేవాడే కాదు.

లాగ్ బుక్కులో ఒక అబద్ధం

మేం సిమెంటు వేసుకొని ఫ్లోరిడా తీరంలో ఒక రేవుకు పోతున్నాం. రేవు పక్కనే షటిల్‌ను ఎగరేసే చోటు. రెండేళ్ళకు పైగా షటిల్ ఎగరలేదు. అంతకు ముందుది ఏడుగురితో పేలిపోయింది. ఇప్పుడు మళ్ళీ అయిదుగురు ఎక్కుతున్నారని లోకమంతా అదే మాట.

అలాంటి రోజు కింద సముద్రంలో కొంత మేర ఓడలు రాకుండా మూసేస్తారు. ఎంత మేరో, ఏ వేళ నుంచి ఏ వేళ దాకానో తీరం నుంచి మోర్స్‌లో హెచ్చరిక వస్తుంది. అది విని, చీటీ మీద రాసి, ఓడ నడిపే గదికి, అంటే బ్రిడ్జికి, పంపడం నా పని. చీటీ చూసి చార్ట్ మీద, అంటే సముద్రపు పటం మీద, గీత గీయడం కెప్టెన్ తరువాతి అధికారి చీఫ్ మేట్ పని.

ముందు రోజు ఉదయం హెచ్చరికలు వచ్చే వేళకు నా రిసీవరు ఎక్కడుందో మీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. కో ట్విన్ కోసం వెతుకుతోంది. గరగరలో ఎవరో నన్ను పిలుస్తున్నట్టు అనిపించింది. వేళ్ళు రిసీవరు మర మీద నుంచి కదల్లేదు. తీరా తేరుకునేసరికి హెచ్చరికల వేళ దాటిపోయింది.

అంతవరకూ జరిగింది బలహీనత. దాన్ని నేను ఇప్పటికీ క్షమించుకోగలను. ఆ వెంటనే, ఏ వేళకు ఏం విన్నామో రాసే లాగ్ బుక్కు తెరిచి, ఆ గడిలో "హెచ్చరికలు ఏమీ లేవు" అని రాశాను. అదే మాట చీటీ మీదా రాసి బ్రిడ్జికి పంపాను. అదే అసలు తప్పు. వినలేదని రాసి ఉంటే చీఫ్ మేట్ ఇంకో దారిన కనుక్కునేవాడు. లేవని రాశాక ఎవరూ వెతకరు. ఆ మాట రాయడానికి నాకు పట్టింది మూడు క్షణాలు.

మర్నాడు పొద్దున్న తీరం కనబడుతుండగా తల మీదికి హెలికాప్టరు వచ్చింది. బ్రిడ్జి మీద రేడియోలో గొంతు కరుకుగా వినబడింది. మూసిన నీళ్ళలోకి వచ్చారు, వెంటనే వెనక్కి తిరగండి అంటున్నారు. మా కెప్టెన్ స్టావ్రోస్ గ్రీకు దేశస్థుడు, అరవై దగ్గర పడ్డవాడు. మారు మాట లేకుండా ఓడ తిప్పించాడు. ఏ ముక్క విరిగి పడినా పడే చోటికి, ఇరవై ఇద్దరు మనుషుల్ని నేను తీసుకొచ్చాను.

గీత దాటి బయటపడ్డాక కెప్టెన్ చీఫ్ మేట్ వైపు తిరిగి, "చార్ట్ మీద ఎందుకు గీయలేదు?" అన్నాడు.

చీఫ్ మేట్ నా చీటీ చూపించాడు. "రేడియో ఆఫీసరు ఏమీ లేవన్నాడు."

కెప్టెన్ నన్ను పిలిపించాడు. "హెచ్చరిక వచ్చిందా, రాలేదా?"

గాలిలో గరగర ఎక్కువగా ఉందని అంటే సరిపోయేది. కాదని నిరూపించేవాడు లేడు. ఉద్యోగం పోతే నన్ను ఆ రేవులోనే దింపేస్తారు. ఇంటికి పోదామంటే రంగూన్‌కు విమానాలే లేవు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. చీఫ్ మేట్ నా చీటీని రెండు చేతులా పట్టుకొని దాన్నే మళ్ళీ మళ్ళీ చదువుతున్నాడు. అది చూసి ఆగిపోయాను. దీన్ని ధైర్యం అనుకోకండి.

"వచ్చే ఉంటుంది సార్. నేను వినలేదు. వినకుండానే లేవని రాశాను. ఆ వేళకు రంగూన్ కబురు కోసం వేరే తరంగం మీద ఉన్నాను."

"రంగూన్‌లో ఎవరున్నారు?"

"నా భార్య. నెలలు నిండాయి. ఏడు వారాలుగా ఏమీ తెలియదు."

కెప్టెన్ "లాగ్ బుక్కు తీసుకురా" అన్నాడు. తెచ్చాను. నేను రాసిన మాట ఎర్ర సిరాతో కొట్టించి, పక్కన "వినలేదు" అని నా చేతనే రాయించి సంతకం పెట్టించాడు. తరువాత సంగతి తరువాత, ఇప్పుడు డెక్కు మీదికి పొమ్మన్నాడు. రేవు మూసేశారు, షటిల్ లేచేదాకా మాకు కదిలే పని లేదు.

పెద్ద జువ్వ

డెక్కు మీద అందరూ ఎడమ రెయిలింగుకు చేరారు. నేను ట్రాన్సిస్టరు తెచ్చి ఆ తీరపు స్టేషను పెట్టాను. పైన గాలులు అనుకూలంగా లేవని ఆలస్యం చేశారు. ఎండ నెత్తికెక్కుతోంది. సన్యాసి మామ తలకు తువ్వాలు చుట్టుకొని, "ఎగరదురా ఇది. అన్నం ఒండుకుందునా?" అని రెండుసార్లు లేచి, రెండుసార్లు కూర్చున్నాడు.

ముందు వెలుగు వచ్చింది. చప్పుడు లేదు. నేల అంచున తెల్లటి పొగ ఉబ్బి, అందులోంచి ఒక మంట పైకి లేచింది. వెల్డింగు వెలుగులా చూడలేకపోయాం, చూడకుండానూ ఉండలేకపోయాం. అంత బరువు అంత నిదానంగా, నిశ్శబ్దంగా పైకి పోతుంటే అందరం రెయిలింగు మీదికి వంగాం.

"అమ్మ బాబోయ్, ఎంత జువ్వరా ఇది!" అన్నాడు మామ.

నిమిషం దాటాక చప్పుడు వచ్చింది. చెవికంటే ముందు ఛాతీకి తగిలింది. కాళ్ళ కింద డెక్కు పలకలు గజగజలాడాయి. కెప్టెన్ బ్రిడ్జి పక్కన నిలబడి చేతి గడియారం చూసుకుంటున్నాడు. పోయినసారి పేలింది నిమిషం దాటాకేనని ఓడలో అందరికీ తెలుసు. ఆయన తల ఎత్తి, దాటిందన్నట్టు చెయ్యి ఊపాడు. ఎవరో చప్పట్లు కొట్టారు.

అంతలో పైన రెండు నిప్పు ముక్కలు విడిపోయి పక్కలకు పడ్డాయి.

"ఇరిగిపోనాది! ఒరేయ్, ఇరిగిపోనాదిరా!" మామ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. అందరి మొహాలూ పాలిపోయాయి. నేను ట్రాన్సిస్టరు చెవికి అదుముకున్నాను. పక్క రాకెట్లు అనుకున్నట్టే ఊడిపోయాయని, షటిల్ పోతూనే ఉందని చెబుతున్నారు. "బాగానే ఉంది! అవి ఊడిపోవాల్సినవే!" అని అరిచాను. అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. అంతమంది ఒక్కసారిగా ఊపిరి వదలడం నేను విన్నాను.

ఆకాశంలో చుక్క కనబడకుండా పోయాక నేను రెయిలింగు మీద తల పెట్టి ఏడ్చాను. పైకి పోయిన అయిదుగురి క్షేమం లోకం మొత్తానికి నిమిష నిమిషానికీ తెలుస్తోంది. సంచౌంగ్‌లో ఒక్క మనిషి సంగతి నాకు చెప్పేవాళ్ళు లేరు. ఆ ఉక్రోషంతో మొదలైన ఏడుపు, ముగిసేసరికి ఇంకోలా ఉంది. కిందటిసారి అందులో మనుషులు పోయారని తెలిసి కూడా ఆ అయిదుగురు ఎక్కారు. మా ఊళ్ళో నిన్న కాల్పులు జరిగిన వీధిలోకి ఇవాళ జనం మళ్ళీ వచ్చారని ఆగస్టులో రేడియోలో విన్నాను. నారాయణి కూడా గట్టి మనిషే అనుకున్నాను.

కెప్టెన్ ఇచ్చిన గంట

సాయంత్రం కెప్టెన్ తన గదికి పిలిచాడు. సామాను సర్దుకొనే వెళ్ళాను.

"నేను సముద్రం మీద ఉండగానే మా దేశాన్నీ సైన్యం పట్టుకుంది. మా అమ్మ ఎలా ఉందో నాలుగు నెలలు తెలియలేదు. ఆ నాలుగు నెలలు నేనూ పని సరిగ్గా చేయలేదు. ఎవరికీ చెప్పలేదు, అంతే" అన్నాడు. "రేపటి నుంచి రోజుకు ఒక గంట నీ రంగూన్ కోసం. హెచ్చరికల వేళ కాకుండా చూసుకో. లాగ్ బుక్కులో నా ఆజ్ఞ అని రాయి. దొంగతనంగా వింటే చెవి సరిగ్గా పనిచేయదు."

నా కింద పనిచేసినవాళ్ళు ఎవరైనా పని మీద మనసు పెట్టనప్పుడు, తిట్టబోయే ముందు ఇంట్లో ఎవరున్నారని అడగడం ఆ రోజు నుంచి అలవాటు చేసుకున్నాను. సగం కేసులు అక్కడే తేలిపోతాయి. మిగతా సగానికి తిట్లే మందు, అదీ ఒప్పుకుంటాను.

రేవులో ఉన్నన్నాళ్ళూ ట్రాన్స్‌మీటరుకు తాళం వేసి ఉంచాలి. వినొచ్చు గానీ పంపకూడదు. సిమెంటు దింపడానికి ఆరు రోజులు పట్టింది. సముద్రంలోకి వచ్చిన మూడో ఉదయం, కెప్టెన్ ఇచ్చిన గంటలో, కో ట్విన్ చెయ్యి వినబడింది. చెయ్యి అంటున్నాను, ఎందుకంటే ప్రతివాడి మోర్స్‌కూ ఒక నడక ఉంటుంది, పేరు చెప్పక్కర్లేదు. "సోము, నీకు ఉంది. ఏ భాషో నాకు తెలియదు. అక్షరం అక్షరం పంపుతాను, రాసుకో" అన్నాడు.

మా బావమరిది సింహాచలం రంగూన్‌కు నది అవతల తన్లిన్‌లో నూనె శుద్ధి కర్మాగారంలో పనిచేసేవాడు. అప్పటికి వంతెన లేదు. అతను పడవలో నది దాటి, సేక్కాన్ రేవుకు వచ్చి, సింగపూరు పోయే ఓడలో ఒక వంటవాణ్ణి పట్టుకొని కాగితం ఇచ్చాడు. తెలుగు మాటలు, ఇంగ్లీషు అక్షరాల్లో. ఆ వంటవాడికీ, కో ట్విన్‌కూ అందులో ఒక్క ముక్క అర్థం కాదు. అర్థం కాని మాటను ఒక్క అక్షరం పోకుండా మోసుకొచ్చారు వాళ్ళు.

రాసుకుంటున్నంతసేపూ నేను చదవలేదు. చదివితే చెయ్యి ఆగిపోతుందని తెలుసు. అయిపోయాక కాగితం ఎత్తి చూశాను.

"బావా, అక్క బాగున్నాది. ఆడపిల్ల పుట్టినాది. ఇద్దరూ కులాసా. నువ్వు పేరు సెప్పీవరకు బారసాల సెయ్యనని అక్క కూకున్నాది. ఎవరు సెప్పినా ఇనట్లేదు. బేగి సెప్పు."

సన్యాసి మామను కేకేశాను. ఆయన కాగితం తీసుకొని పైకి చదివి, చదువుతూనే ఏడ్చి, ఏడుస్తూనే నవ్వాడు. "సిన్న పేరు పంపరా. పెద్ద పేరైతే దారిలో ఇరుగుతాది" అన్నాడు.

అన్నేళ్ళూ నా పని వినడం అనుకున్నాను. లోకం ఆ చివర, సంచౌంగ్‌లో రెండు గదుల ఇంట్లో, పేరు లేని పిల్లను ఒళ్ళో పెట్టుకొని ఒక మనిషి నా మాట కోసం కాచుకొని ఉందని అప్పుడు తెలిసింది. నేను బతికే ఉన్నానని ఆమెకు మాత్రం ఎవరు చెప్పారు? అన్ని వారాలుగా ఆమె కూడా నా కోసం చెవులు రిక్కించుకునే ఉంది. ఆ సంగతి నాకు ఒక్కనాడూ తోచలేదు.

మీట మీద వేలు పెట్టాను. చనిపోయిన మా అమ్మ పేరు పంపాను. గౌరి. తొందరపడకుండా, ఒక్కో అక్షరం.

 తరువాత కో ట్విన్ ఆ పేరును అక్షరం అక్షరం నాకే తిరిగి పంపి, ఇదేనా అని అడిగాడు.

అదేనన్నాను.